పిచ్చుకలకండీ

నాకు నెస్ట్ వచ్చింది.

ఫిబ్రవరి చివర్లో మా ఇంగ్లీషు సారు శాంతికుమార్ గారు తొమ్మిదో తరగతి వాళ్లందరి చేతా చీటీలు తీయించారు. ఒక్కో చీటీలో ఒక్కో ఇంగ్లీషు మాట. ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో వెతికి చార్టు మీద రాయాలి. రాస్తే సరిపోదు, ప్రతి అర్థానికీ మన ఇంట్లోదో ఊళ్లోదో ఒక వస్తువు చూపించాలి. బాగున్న చార్టుల్ని మార్చిలో రాజమండ్రిలో జరిగే ప్రదర్శనకి తీసుకెళ్తామన్నారు.

నా చీటీ లాక్కుని చూసి, పక్కన కూర్చునే హారతి, "గూడే కదే. రెండు నిమిషాల్లో అయిపోద్ది నీకు," అంది.

నేనూ అలాగే అనుకున్నాను. తీరా సారు ఇచ్చిన లావుపాటి డిక్షనరీ తీస్తే ఆ ఒక్క మాట కింద పావు పేజీ ఉంది. పిట్టలు కట్టుకునేది నెస్ట్. కందిరీగలదీ ఎలుకలదీ కూడా నెస్టే. ఒకదాని కింద ఒకటి ఇమిడిపోయే బల్లల వరస నెస్ట్. పాతకాలపు ఓడల్లో స్తంభం చివర ఒక బుట్ట కట్టి, అందులో మనిషి నిలబడి దూరం చూసేవాడట, దాన్ని కాకిగూడు అంటారట. లెక్కల్లో బ్రాకెట్టు లోపల బ్రాకెట్టు వేస్తే అదీ నెస్టింగే. దొంగలు చేరే చోటుని కూడా నెస్ట్ అనవచ్చట. అది చదివి హారతి, "మా అన్నయ్యా వాళ్లు పేకాడే మోటారు గది పెట్టెయ్," అని పడీపడీ నవ్వింది.

అన్నీ నా డైరీలో రాసుకున్నాను. డైరీ అంటే ఎరువుల కొట్టు వాళ్లు జనవరిలో నాన్నకి ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా ఏదో ఒక పురుగుమందు పేరు, పక్కన నవ్వుతున్న రైతు బొమ్మ ఉంటాయి. ఆ బొమ్మ పైన ఉన్న గీతల్లో నేను రాసుకుంటాను. నాకు చెప్పడం కంటే రాయడం తేలిక. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లోకి వెళ్లిపోతాను. క్లాసులో హాజరు పలికినా సారుకి వినపడదు. "వెంకటదుర్గ ఉందండీ," అని హారతే చెప్తుంది.

వస్తువులు వెతకడంలో నాకు తాతే సాయం చేశాడు. మా తాత పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. పోయినేడాది ఆయన కుడిచెయ్యి పడిపోయింది. అప్పట్నించీ వసారాలో మంచం మీదే కూర్చుంటాడు. స్నానం చేయించడం, ఆదివారం ఆదివారం గడ్డం గీయడం నాన్నే చేస్తాడు. బల్లల వరసకి అమ్మ స్టీలు డబ్బాల సెట్టు, కాకిగూటికి చేలో మంచె అని తాతే చెప్పాడు.

"మన గూడు మాత్రం తక్కువైందా ఏంటి?" అన్నాడు. "గోడలో దీపం పెట్టేది గూడు. రిక్షా మీద ఎండకి వేసేది గూడు. పడవ మీద తాటాకులతో కట్టేది గూడు. సాలీడుది గూడు." ఎడమచేత్తో కుడి భుజం తడుముకుని, "ఇదిగో, ఇదీ గూడే. భుజం గూడు. చార్టుకి అంటించుకుంటావా?" అని నవ్వాడు.

అసలు గూడు మాత్రం తాత తల పైనే ఉంది.

నాలుగేళ్ల కిందట మా పెంకుటిల్లు పడగొట్టి శ్లాబు ఇల్లు కట్టుకున్నాం. పెంకుల కింద తరతరాలుగా ఉన్న పిచ్చుకలు ఆ దుమ్ములో ఎటో వెళ్లిపోయాయి. తాత ప్రతి పంటకీ వాటి కోసం వరికంకుల్ని కుచ్చుగా అల్లి కొత్తింటి వసారాలో కట్టేవాడు. ముట్టేవాళ్లు లేక ఆ గింజలన్నీ ఎండి ముక్కిపోయేవి. ఈ ఫిబ్రవరిలో ఒక జంట వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు పరంజా కర్ర కోసం వదిలిన కన్నం ఒకటి వసారా గుమ్మం పైన పూడ్చకుండా ఉండిపోయింది. అందులోకి గడ్డిపరకలూ అమ్మ చీర దారాలూ మోసుకెళ్లడం మొదలుపెట్టాయి. ఆ వారమే నాన్న దాన్ని పూడ్చేద్దామని సిమెంటు కలిపాడు.

"ఒరే శివా, ఆగరా," అని తాత కేక పెట్టాడు. "ఇన్నాళ్లకి మనింటికి గృహప్రవేశం అయింది. చెడగొట్టకు."

నాన్న నవ్వి, ఆ సిమెంటు తీసుకెళ్లి పెరట్లో మెట్టుకి పూశాడు.

మార్చి మొదట్లో కన్నంలోంచి పిల్లల కీచుగొంతులు వినిపించాయి. తాతకి అదే లోకమైపోయింది. పొద్దున్నే నేను పళ్లు తోముకుంటుంటే, "ఇప్పటికి పదకొండు సార్లు తిరిగింది మగది, ఆడది తొమ్మిదే," అని చెప్పేవాడు. అన్నం సరిగా తినని మనిషి వాటిని చూస్తూ తినేవాడు. తాతకి ఒకటే బెంగ, పిల్లలకి రెక్కలొచ్చాక ఇవి మళ్లీ వెళ్లిపోతాయేమోనని. "కుచ్చు కడితే ఉంటాయి. తిండి ఉన్న చోటు పిచ్చుక మర్చిపోదు. నా చెయ్యి పనిచెయ్యదు, నీ చేత అల్లిస్తాను. మన మూల పండనీ," అన్నాడు.

మన మూల అంటే మా చేలో కాలవ వైపు రెండు సెంట్లు. తాత మాట మీద నాన్న ఆ మూలకి పురుగుమందు కొట్టడు. కుచ్చుకి కంకులు అక్కడివే కోస్తాం. కానీ ఈ దాళ్వాకి, అంటే రెండో పంటకి, మా నాట్లు ఆలస్యమయ్యాయి. ఆ మూల ఇంకా పచ్చిగా, పాలకంకి మీద ఉంది. ప్రదర్శనకి తొమ్మిది రోజులే ఉన్నాయి. చార్టుకి కుచ్చు కావాలని శాంతికుమార్ గారు గట్టిగా చెప్పారు. "అందరూ గూడు బొమ్మ గీస్తారు. నువ్వు కుచ్చు తీసుకురా. అదే దీనికి అందం," అన్నారు.

మా ఊళ్లో ఒక పద్ధతుంది. కుచ్చు కోసం ఎవరి చేను ముందు పండితే వాళ్ల చేలో గుప్పెడు కంకులు కోసుకోవచ్చు. ఎవరూ కాదనరు. కాకపోతే గట్టు మీద నిలబడి "పిచ్చుకలకండీ!" అని కేక వెయ్యాలి. చేలో ఉన్నవాళ్లు "కోసుకోండి" అనో, "ఇక్కడ కాదు, అవతల మడిలో" అనో జవాబు చెప్తారు. అప్పుడు కొయ్యాలి. అడగకుండా తీసుకుంటే బాగుండదని అలా పెట్టారనుకునేదాన్ని నేను.

మా పక్క చేను గణేష్‌బాబు గారిది. వాళ్ల నాట్లు ముందు పడ్డాయి, కంకులు అప్పుడే పండుబారుతున్నాయి. ఒక గురువారం బడి అయ్యాక కొడవలి పట్టుకుని ఆ గట్టు మీదకి వెళ్లాను. గణేష్‌బాబు గారు నాలుగు మడుల అవతల చెట్టు నీడన మోటారుసైకిలు మీద కూర్చుని ఫోను మాట్లాడుతున్నారు. పక్కన ఇద్దరు కూలీలు డ్రమ్ములు కడుగుతున్నారు.

నోరు తెరిచాను. మాట రాలేదు. ఇద్దరు కూలీలూ నా వైపు తిరిగి చూస్తారు కదా అనిపించింది. ఆయన ఫోను అయ్యాక పిలుద్దామని గట్టు మీద కూర్చున్నాను. ఆయన ఫోను ఎంతకీ అవలేదు. చివరికి "పిచ్చుకలకండీ" అని మనసులో అనుకుని, వంగి, రెండు గుప్పెళ్లు కోసేశాను. ఘాటుగా ఏదో వాసన వచ్చింది. మార్చిలో మా పొలాలన్నీ ఏదో ఒక మందు వాసన వేస్తూనే ఉంటాయి. పట్టించుకోలేదు.

కంకులు చూసి తాత ముఖం వెలిగిపోయింది. "అప్పుడే పండాయా మన మూలలో?"

గణేష్‌బాబు గారి చేలోవి అంటే, పిలిచావా అని అడుగుతాడు. అందుకని, "అవును తాతా, గట్టు పక్కన కొన్ని పండాయి," అన్నాను.

తాత ఒక గింజ తుంపి అలవాటుగా పంటి కింద పెట్టి కొరికాడు. మా వైపు ఎవరైనా అంతే, వరి గింజ చేతికి దొరికితే ముందు పళ్లతో ఒలిచి చూస్తారు. "గట్టిపడింది," అన్నాడు. తర్వాత ముఖం చిట్లించి ఉమ్మేశాడు. "చేదుగా ఉందేంటి? నా నోరే బాగున్నట్టు లేదు. రోజూ ఆ మాత్రలు మింగీ మింగీ..."

నేను చెంబుతో నీళ్లిచ్చాను. పుక్కిలించి, అల్లిక మొదలుపెట్టించాడు. కాడలు తడిపి, మూడేసి పరకలు జడలా పేని, ప్రతి మలుపు దగ్గరా ఒక కంకి కిందికి వేలాడేలా చేర్చాలి. నేను అల్లుతుంటే తాత ముడి జారకుండా ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టాడు. "బిగించకు, కాడ తెగుద్ది. వదిలెయ్యకు, గింజ రాలుద్ది. అబ్బ, ఎంత బాగా వస్తందే నీకు! నాకు మొదటిసారి కోడిపుంజు తోకలా వచ్చింది." రెండు కుచ్చులయ్యాయి. ఒకటి చార్టుకి దాచాను. రెండోది నాన్న స్టూలెక్కి వసారాలో కొక్కేనికి కట్టాడు.

శుక్రవారం పొద్దున మగ పిచ్చుక వచ్చి కుచ్చు మీద వాలింది. తర్వాత ఆడది వచ్చింది. కుచ్చు ఉయ్యాలలా ఊగింది, పొట్టు మంచం మీద రాలింది. తాత ఆ పొట్టు దులపనివ్వలేదు. నేను బడికి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే, ఆయన తల పైకెత్తుకుని, నోరు కొంచెం తెరుచుకుని అలాగే చూస్తున్నాడు.

శనివారం పొద్దున వసారా ఊడుస్తూ అమ్మ, "అయ్యో," అంది. ఆడ పిచ్చుక కుచ్చు కింద వెల్లకిలా పడి ఉంది. మగది నీళ్ల గోలెం పక్కన దొరికింది. కన్నంలో పిల్లలు మాత్రం అరుస్తూనే ఉన్నాయి. నాన్న నిచ్చెన వేస్తే నేను ఎక్కాను. మూడు పిల్లలు, ఒళ్లంతా నోళ్లే. తాత కింద నుంచి చెప్తుంటే ఉడికిన అన్నం మెతుకు మెత్తగా నలిపి అగ్గిపుల్ల చివర పెట్టి అందించాను. ఒకటి మింగింది. మిగతావి మింగలేదు. ఆదివారం మధ్యాహ్నానికి కన్నం నిశ్శబ్దమైపోయింది.

తాత ఊతకర్రతో కుచ్చుని కిందికి లాగి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడే గడ్డం గీయడానికి నాన్న గిన్నెలో నీళ్లూ కత్తీ పట్టుకుని వచ్చాడు.

"మూల కూడా కొట్టేశావు కదరా," అన్నాడు తాత.

"ఏ మూల నాన్నా?"

"పిచ్చుకల మూల. మందు కొట్టేశావు."

"లేదు నాన్నా. అటు గొట్టమే తిప్పలేదు."

"ఒక్క మూల వదిలితే దోమ పురుగు చేనంతా పాకుద్దని పోయినేడు నువ్వే కదా గొణిగావు?"

"అన్నాను. అన్నంత మాత్రాన కొడతానా? గణేష్‌బాబు గారు గురువారం పొద్దున కొట్టించారు. ఆ గాలి ఏమన్నా ఇటు తగిలిందేమో."

"గాలికి తగిలితే ఇంత ఘాటుంటుందా? ఎవరికి చెప్తున్నావురా? నలభై ఏళ్లు చేశాను వ్యవసాయం."

"నీ మీద ఒట్టు నాన్నా."

"నా మీద ఒట్టెందుకులే. కొడితే కొట్టానని చెప్పు, ఊరుకుంటాను. ముసలాడికేం తెలుస్తుందని అబద్ధం ఆడకు."

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. గురువారం పొద్దున అన్న మాట వినగానే అన్నీ గుర్తొచ్చాయి. ఆ డ్రమ్ములు, ఆ వాసన, తాత ఉమ్మేసిన గింజ. నాలుగడుగులు వేసి ఒక్క మాట చెప్తే అయిపోయేది. నాన్న నా వైపు చూశాడు కూడా, సాక్ష్యం అడిగినట్టు కాదు, ఊరికే. నేను తల దించుకుని లోపలికి వెళ్లిపోయాను.

తాత ఆ రోజు గడ్డం గీయించుకోలేదు. గిన్నెలో నీళ్లు నాన్న పెరట్లో పారబోశాడు.

మర్నాటి నించి తాత నాన్నతో మాట్లాడడం మానేశాడు. "ఆయన మాత్రలు తెచ్చాడేమో అడుగమ్మా," అనేవాడు నాతో, నాన్న ఎదురుగానే. "ఒరే శివా" అని పిలిచే కొడుకు ఇప్పుడు "ఆయన" అయిపోయాడు. స్నానానికి నాన్న చెయ్యి పడితే రాయిలా ఉండేవాడు. నాన్న సాయంత్రం చేలోంచి వచ్చి వసారాలో కూర్చోకుండా వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చేవాడు.

డైరీలో సోమవారం పేజీలో "రేపు చెప్తాను" అని రాశాను. మంగళవారం కూడా అదే రాశాను. బుధవారం పేజీలో రాయడానికి సిగ్గేసి, గీతలన్నీ ఖాళీగా వదిలేశాను. పేజీ అడుగున మందు పేరు, నవ్వుతున్న రైతు బొమ్మ అలాగే ఉన్నాయి.

రెండో కుచ్చుని పారేద్దామనుకున్నాను. ఎందుకు పారేశావని సారు అడిగితే చెప్పాల్సి వస్తుంది. అందుకని పారెయ్యలేదు. ఇలా ఒక్కొక్కటీ చెప్పాల్సి వస్తుందనే భయంతోనే చేశాను నేను.

శనివారం నాన్నే నన్ను రాజమండ్రి తీసుకెళ్లాడు. చార్టు చుట్ట నా ఒళ్లో, డబ్బాల సెట్టు ఆయన ఒళ్లో. బొబ్బర్లంక దాటి బ్యారేజీ మీదికి బస్సు ఎక్కగానే, "గోదారి చూడమ్మా, ఎంత తగ్గిపోయిందో," అన్నాడు. చూశాను. ఇసక తిన్నెలు బయటపడి ఉన్నాయి. ఆయన గడ్డం కూడా ఆ వారం గీసుకోలేదని అప్పుడు గమనించాను.

ప్రదర్శన ఒక బడి హాల్లో పెట్టారు. గోడ పొడవునా బల్లలు, వాటి వెనక గోడకి చార్టులు. నా చార్టు మధ్యలో నెస్ట్ అని పెద్ద అక్షరాలు, చుట్టూ అర్థాలు, కింద స్టీలు డబ్బాలు, పుల్లలతో చేసిన చిన్న మంచె. కుచ్చుని శాంతికుమార్ గారే చార్టు పైఅంచులో కొట్టిన మేకుకి తగిలించారు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ముందు దాన్నే చూశారు. నేను గొణుగుతుంటే నాన్న పక్కనించి, "పిచ్చుకల కోసమండి. మా అమ్మాయే అల్లిందండి," అని చెప్తున్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన గొంతులో సంతోషం వినిపిస్తోంది. నాకు చచ్చిపోవాలనిపించింది.

మార్కులు వేసే మేడమ్ వచ్చారు. నేత చీర, కళ్లద్దాలు, చేతిలో కాగితాలు. కుచ్చు చూడగానే కాగితాలు చంకలో పెట్టేసుకున్నారు.

"అబ్బ, ఎన్నాళ్లయింది ఇవి చూసి! మాది సామర్లకోట పక్కన పల్లెటూరేనండి. మా అమ్మమ్మ గారి వసారాలో ఇలాంటివి నాలుగు వేలాడేవి," అని నాన్నతో చెప్తూ, చెప్తూనే చెయ్యి చాపి ఒక గింజ తుంపారు. పంటి దగ్గరికి తీసుకెళ్లారు.

"తినకండీ!"

హాలు మొత్తం నా వైపు తిరిగింది. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలియదు. మేడమ్ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"మందు కొట్టిన చేలోవండి అవి," అన్నాను. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "మా మూలలోవి కాదండి. గణేష్‌బాబు గారి చేలోవి. నేను కేక వెయ్యలేదండి. పిలవకుండా కోసేశాను. అవి తిని మా పిచ్చుకలు చచ్చిపోయాయండి. పిల్లలు కూడా. మా నాన్న కొట్టలేదండి. మా తాత నాన్నే కొట్టాడనుకుంటున్నాడు. నాన్న కొట్టలేదండి."

మేడమ్ గింజని కింద పడేసి చీర చెంగుకి వేళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ చెయ్యి నా భుజం మీద వెయ్యబోయి, ఎందుకో ఆగి, "ముందు చేతులు కడుక్కుందాం పదమ్మా," అన్నారు. సారు కుచ్చుని మెల్లగా దించి పేపరులో చుట్టారు. నాన్న డబ్బాల్ని ఒకదాంట్లో ఒకటి సర్దుతున్నాడు. తప్పు మూతలు పెట్టి, తీసి, మళ్లీ పెడుతున్నాడు.

తిరుగు బస్సు బ్యారేజీ దాటింది.

"నాతోనన్నా చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు నాన్న.

"నోరు రాలేదు నాన్నా."

"ఇవాళ వచ్చింది కదా." డబ్బాల సెట్టుని ఒళ్లోకి లాక్కున్నాడు. "మీ తాతకి నేను చెప్పను. చెప్తే, పిల్లని అడ్డం పెట్టుకుని తప్పించుకుంటన్నాడంటాడు. నువ్వే చెప్పాలి."

ఇంటికెళ్లి చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. విప్పితే మళ్లీ నోరు మూసుకుపోతుందని భయం. అంతా విన్నాక తాత, "అసలు పిలవనే లేదా?" అన్నాడు.

"లేదు తాతా."

"అబద్ధం నాతో ఎందుకమ్మా? నాతో కూడానా?"

తాత ఎడమచేత్తో దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చున్నాడు. "చేదుగా ఉందన్నాను కదా," అన్నాడు. "నోట్లో పెట్టుకున్నవాణ్ణి నేను. నా నాలుక నాకు చెప్పింది. మనవరాలు తెచ్చిందన్న మురిపెంలో నోటినే అనుమానించాను."

తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే తాత నన్ను గణేష్‌బాబు గారింటికి పంపాడు, పిలవకుండా కోసినందుకు చెప్పి రమ్మని. ఆయన అరుగు మీద కాఫీ తాగుతున్నారు. విని గ్లాసు కింద పెట్టారు.

"నిన్ను చూశానమ్మా ఆ రోజు," అన్నారు. "గట్టు మీద కూర్చున్నావు, లేచావు, వంగావు. గేదెకి గడ్డి కోసుకుంటన్నావనుకున్నాను. ఆ పొద్దునే కొట్టించాం దోమ మందు. ఒక్క కేక వేసుంటే ఫోను పారేసి పరిగెత్తుకొద్దును కదా. ఆ కేక పద్ధతి పెట్టింది అందుకేనమ్మా."

ఇంటికి వచ్చేసరికి వసారాలో స్టూలు మీద నీళ్ల గిన్నె ఉంది. నాన్న తాత గడ్డానికి నురగ పూస్తున్నాడు. "కత్తి పదునుందా?" అన్నాడు తాత. "ఉంది నాన్నా," అన్నాడు నాన్న. అంతే. ఒరే శివా అని మాత్రం అనలేదు. ఆ పిలుపు రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. అది కూడా బోరు మోటారు ఆపడం మర్చిపోయాడని తిట్టడానికి.

ఏప్రిల్లో మా చేను కోతకొచ్చింది. పిచ్చుకల మూల బాగా పండింది. నేను కొడవలి తీసుకుని బయల్దేరుతుంటే తాత, "మన చేనైనా పిలిచే కొయ్యి," అన్నాడు. గట్టు మీద నిలబడ్డాను. నాన్న చేను మధ్యలో కూలీలతో ఉన్నాడు. పక్క చేలో గణేష్‌బాబు గారు కూడా ఉన్నారు. ఇన్ని తలలు ఉన్నాయి నా వైపు తిరగడానికి.

"పిచ్చుకలకండీ!"

"వినపళ్లేదండీ!" అన్నాడు నాన్న, చెయ్యి చెవి దగ్గర పెట్టి. కూలీలు నవ్వారు.

"పిచ్చుకలకండీ!" అని గొంతు చించుకున్నాను.

"మందు లేదండీ, కోసుకోండి!"

ఈసారి కుచ్చు ఇంకా బాగా వచ్చింది. మలుపులు ఎక్కడా వదులు లేవు. తాత ఒక గింజ కొరికి, నమిలి మింగి, సరే అన్నట్టు తల ఊపాడు. నాన్న దాన్ని అదే కొక్కేనికి కట్టాడు. గుమ్మం పైన కన్నం ఇంకా పూడ్చలేదు. లోపల ఆ గడ్డీ, అమ్మ చీర దారాలూ అలాగే ఉన్నాయి.

సారు చార్టు తిరిగి ఇచ్చేశారు. నెస్ట్ అనే మాట పైన మేకు కన్నం తప్ప ఏమీ లేదు. దాన్ని చుట్టి బీరువా మీద పెట్టాను.

మే నెల అయిపోవస్తోంది. పొద్దున్నే వసారా ఇప్పుడు నేనే ఊడుస్తున్నాను. చీపురు వెయ్యకముందే కుచ్చు కింద వంగి, పొట్టు ఏమన్నా రాలిందేమోనని చూస్తాను. తాత అప్పటికే లేచి ఉంటాడు.

"ఏమన్నా ఉందా?" అంటాడు.

"లేదు తాతా."

"సరే, ఊడ్చెయ్," అంటాడు.